బ్రాకా టెస్ట్: కౌన్సెలింగ్‌కి ఐదు స్టార్లు, రిపోర్ట్ పంపిన తీరుకి ఒకటి

మా మేనత్తకి చిన్న వయసులోనే రొమ్ము కేన్సర్ వచ్చింది. నానమ్మ పోయింది అండాశయ కేన్సర్‌తో. "నాన్న వైపు కదా, నీకేం భయం" అని చుట్టాలంతా అనేవాళ్లు. హైదరాబాద్‌లో ఈ ల్యాబ్ కౌన్సెలర్ అమ్మాయి ఆ మాట మొదటి రోజే కొట్టిపారేసింది.

బ్రాకా అంటే చెడితే రొమ్ము, అండాశయ కేన్సర్ల రిస్క్ పెంచే జీన్లు. వాటి టెస్టుకి నేను రక్తం ఇద్దామని వెళ్తే, ఆ అమ్మాయి సూది జోలికే పోకుండా తెల్లకాగితం మీద మా వంశవృక్షం గీసింది. ఆడవాళ్లకి సున్నాలు, మగవాళ్లకి డబ్బాలు, కేన్సర్ వచ్చినవాళ్లవి నల్లగా నింపింది. నానమ్మ, అత్త నల్ల సున్నాలు. నాన్న ఖాళీ డబ్బా (ఆయనతో ఈ మాట అనలేదు). "జబ్బు రాకపోయినా జీన్‌లో మార్పు నాన్నగారిలో ఉండొచ్చు మేడమ్. ఉంటే మీకు సగం ఛాన్సు, మీ తమ్ముడికీ అంతే" అంది. ముందు అత్తకి చేయించమంది. ఆమెలో ఏముందో తెలియకుండా నాకు నెగెటివ్ వచ్చినా దాన్ని నమ్ముకోలేమట. ఆమెలో దొరికితే మాత్రం మాకు ఆ ఒక్క మార్పు కోసమే చూస్తారు, ఖర్చు బాగా తగ్గుతుంది. టెస్టులు అమ్ముకునే చోట ఇలా చెప్పేవాళ్లు ఎంతమంది?

అత్తకి బ్రాకా1, బ్రాకా2, పాల్‌బీ2, టీపీ53 లాంటి జీన్లన్నీ ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్ టెస్ట్ చేశారు. 20 వేలు దాటింది, పాలసీ పైసా ఇవ్వలేదు. బ్రాకా2లో మార్పు దొరికింది. తెగిన డీఎన్‌ఏని అతికించడం ఆ జీన్ పని. అది చెడితే, ఆడవాళ్లలో 100కి 45 నుంచి 69 మందికి 70–80 ఏళ్లలోపు రొమ్ము కేన్సర్ వస్తుందని అంచనా. మొత్తం రొమ్ము కేన్సర్లలో ఇలా వంశంగా వచ్చేవి మాత్రం 5–10 శాతమేనట. అది చెప్పకపోతే మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందర్నీ తీసుకెళ్లి క్యూలో నిలబెట్టేదాన్ని.

ఇక తిట్టాల్సిన సంగతి. కౌన్సెలింగ్ సోమవారమైతే, నా రిపోర్టూ తమ్ముడిదీ శనివారం రాత్రే వాట్సాప్‌లో పడేశారు. నాది నెగెటివ్. వాడిదాంట్లో ఎర్రక్షరాల్లో 'పాథోజెనిక్', అంటే జబ్బు తెచ్చే రకం మార్పు ఉందని. ఆదివారమంతా వాడు గూగుల్‌లో తల దూర్చి కూర్చున్నాడు, అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఫోన్ చేస్తే "అది ఆటోమేటిక్‌గా వెళ్లిపోతుందండీ" అని జవాబు. మనిషికి టెన్షన్ కూడా ఆటోమేటిక్‌గానే వస్తుంది మరి.

సోమవారం ఆ అమ్మాయే మళ్లీ కాపాడింది. 40 ఏళ్ల నుంచి ప్రోస్టేట్ పరీక్షలు చేయించుకోవాలని, మగవాడినే కదా అని రొమ్ములో గడ్డని వదిలేయొద్దని వాడికి ఓపిగ్గా చెప్పింది. వాడి కూతురికి ఇప్పుడు టెస్ట్ వద్దు, పెద్దయ్యాక చేయించుకోవాలో వద్దో తనే తేల్చుకుంటుందంది. నాకు మిగతా ఆడవాళ్లకుండే రిస్క్ ఎలాగూ ఉంటుంది కాబట్టి వయసు వచ్చాక మామోగ్రామ్ మానకూడదట.

అంగీకార పత్రం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. అత్తకి లైను లైనూ నేనే చదివి చెప్పాను. మీరు వెళ్తే "కౌన్సెలర్ మాట్లాడాకే రిపోర్ట్ పంపాలి" అని దాని మీద రాయించాకే సంతకం పెట్టండి.