క్విటో పాత ఊళ్ళో గైడ్‌తో నడక: భీమవరం వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి

గ్వాయాకిల్ దగ్గర రొయ్యల చెరువులు చూడ్డానికి మేము నలుగురం ఈక్వడార్ వెళ్ళొచ్చాం. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ రొయ్య ఎగుమతి చేసేది ఆ దేశమే, మన చెరువుల్లో 2009 నుంచి పెంచుతున్న వనామీ రకం రొయ్య పుట్టిల్లు కూడా ఆ పసిఫిక్ తీరమే, అందుకని ఒకసారి కళ్ళారా చూడాలని ఎప్పట్నుంచో ఉంది. చెరువుల సంగతి విడిగా రాస్తాను. తిరిగొచ్చేటప్పుడు రాజధాని క్విటోలో రెండు రోజులు ఆగి, స్పెయిన్ వాళ్ళ కాలం నాటి పాత ఊరు చూపించే వాకింగ్ టూర్ ఒకటి బుక్ చేసుకున్నాం. ఇక్కడ రాసేది దాని గురించే.

ముందు ఆయాసం గురించి చెప్పాలి. క్విటో 2,850 మీటర్ల ఎత్తులో ఉంది, మనం కాలువ గట్టుకి మించి ఎత్తు ఎరగని వాళ్ళం. దిగిన రోజే టూర్ పెట్టుకోకండి. ఒక రాత్రి నిద్రపోయి, నీళ్ళు బాగా తాగి, రెండో రోజు పొద్దున వెళ్ళండి. మాతో వచ్చిన బాబాయికి అరవై దాటాయి, మొదటి ఎత్తు దగ్గరే గుండె దడ వచ్చి ఆగిపోయాడు. గైడ్ అమ్మాయి అది గమనించి, అక్కడి నుంచి ప్రతి ఎత్తు మధ్యలోనూ ఏదో ఒక గుమ్మం చూపించి కథ చెప్పే వంకతో ఆపుతూ నడిపించింది. ఈయన వల్ల ఆలస్యమవుతోందని ఒక్కసారి కూడా మొహంలో చూపించలేదు. ఆ ఒక్క విషయానికే ఆమెకి దండం పెట్టాలి.

నడక ప్లాజా గ్రాండే దగ్గర మొదలైంది. ఒక పక్క కేథడ్రల్, ఇంకో పక్క అధ్యక్షుడి భవనం, మధ్యలో చెట్ల కింద బెంచీల మీద పేపర్ చదువుకునే పెద్దవాళ్ళు. స్పెయిన్ పాలన వద్దని 1809 ఆగస్టు 10న ఈ ఊళ్ళోనే మొదట తిరగబడ్డారు, అసలు స్వాతంత్ర్యం మాత్రం 1822 మే 24న పిచించా కొండ మీద జరిగిన యుద్ధంతో చేతికొచ్చింది. ఆ యుద్ధం గెలిచిన సేనాని సూక్రే సమాధి ఆ కేథడ్రల్‌లోనే ఉంది. 1875లో గార్సియా మొరేనో అనే అధ్యక్షుణ్ణి పట్టపగలు ఆ భవనం దగ్గరే కత్తితో నరికి చంపారట. ఇవన్నీ ఆమె తేదీలు అప్పజెప్పినట్టు కాకుండా, మన రచ్చబండ దగ్గర పెద్దాయన ఊరి గొడవ చెప్పినట్టు చెప్పింది.

ఆ తర్వాత లా కొంపాన్యా చర్చి. దీనికి టికెట్ వేరే, టూర్ డబ్బుల్లో కలవదు, మేము వెళ్ళినప్పుడు లోపల ఫోటోలు తియ్యనివ్వలేదు. బయట నల్లటి బూడిద రంగు రాయి, మెలితిప్పిన తాడులాంటి స్తంభాలు. లోపల అడుగుపెడితే గోడలు, కప్పు, మూలమూలా బంగారు రేకే. 1605లో మొదలుపెట్టి 1765 దాకా, అంటే నూట అరవై ఏళ్ళు కట్టారు. ఇంత చేసి ముగించిన రెండేళ్ళకే, 1767లో, స్పెయిన్ రాజు ఆ చర్చి కట్టించిన జెస్యూట్ అనే క్రైస్తవ సంఘం గురువులందర్నీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు. నన్ను పట్టేసింది మాత్రం బంగారం కాదు. గుమ్మం దాటగానే ఒక పక్క గుండ్రంగా తిరిగే మెట్లున్నాయి. దానికి జోడీగా రెండో పక్క కూడా మెట్లున్నట్టు కనిపిస్తుంది, దగ్గరికెళ్తే అది గోడ మీద వేసిన బొమ్మ! రెండు పక్కలా సమానంగా కనపడాలని అలా గీశారు. బాబాయి అక్కడే నిలబడి కాసేపు ఒక కన్ను మూసి, కాసేపు రెండో కన్ను మూసి చూశాడు.

అక్కడే గైడ్ ఒక మాట అంది. ఈ చెక్కుడు పని చేసిన చేతుల్లో ఎక్కువ భాగం ఆ కొండల్లోని స్థానిక జనాలవి, లెగార్దా, కాస్పికారా లాంటి ఇద్దరు ముగ్గురు శిల్పుల పేర్లు తప్ప మిగతావాళ్ళ పేర్లు ఎక్కడా లేవు అని. నాకు వెంటనే ధవళేశ్వరం గుర్తొచ్చింది. 1852లో ఆనకట్ట పూర్తయింది, కాటన్ దొర విగ్రహం మన ఊరూరా ఉంది, ఉండాల్సిందే, ఆయన పుణ్యాన్నే అన్నం తింటున్నాం. కానీ ఆ రాళ్ళు మోసిన వాళ్ళు మన ముత్తాతలే కదా, వాళ్ళలో ఒక్కడి పేరైనా నాకు తెలీదు. ఇంత దూరం వచ్చి పరాయి ఊరి చర్చిలో నిలబడితే గానీ నాకా ప్రశ్న రాలేదు. ఈ టూర్‌కి నేను మంచి మార్కులు వెయ్యడానికి అసలు కారణం ఇదే.

శాన్ ఫ్రాన్సిస్కో చర్చి ముందు పెద్ద రాతి మైదానం ఉంది. దాని మీద కాంటూన్యా కథ చెప్పారు. చర్చి ముంగిలి కట్టడానికి ఒప్పుకున్న కాంటూన్యా అనే మేస్త్రి, గడువుకి పని అవదని భయపడి సైతానుతో బేరం పెట్టుకున్నాడు: తెల్లారేలోగా పూర్తి చేస్తే నా ప్రాణం నీది. పిశాచాలు రాత్రంతా కట్టాయి గానీ తెల్లారేసరికి ఒక్క రాయి తక్కువైంది, మేస్త్రి బతికిపోయాడు. బాబాయికి ఇంగ్లీషు రాదు కాబట్టి నేను తెలుగులో చెప్తుంటే, సగంలోనే ‘కోడి కూసిందా?’ అని అడిగాడు. కోడి కూయడంతో సగంలో ఆగిపోయిన గుడి కథలు మన దగ్గర ఎన్ని లేవు! ఆ మాట ఇంగ్లీషులో చెప్తే గైడ్ నోట్‌బుక్ తీసి రాసుకుంది.

లోపాలు కూడా చెప్పాలి. పది మందికి మించరని బుకింగ్‌లో రాశారు, తీరా చూస్తే మేము ఇరవై రెండు మందిమి. వెనక ఉంటే సగం వినపడదు, బస్సుల రొద ఒకటి. మేము ముందు నిలబడ్డానికి ప్రతిసారీ తోసుకోవాల్సి వచ్చింది, అలా చెయ్యడం నాకు నచ్చలేదు. డబ్బు తీసుకునే వాళ్ళు మాట మీద నిలబడాలి. చివరి అరగంట చాక్లెట్ షాపులో కూర్చోబెట్టారు. కొబ్బరి తోటల్లో కోకో వేసే మన కోనసీమ వాళ్ళకైతే ఆ గింజల రకాలు, పులియబెట్టే పద్ధతి పనికొస్తాయి, నేనూ నాలుగు ప్రశ్నలు అడిగాను. మిగతావాళ్ళకి మాత్రం అది అమ్మకమే. ఆ అరగంట లా రోండా వీధికి ఇచ్చుంటే బావుండేది, ఆ సన్నటి రాళ్ళ వీధిని పది నిమిషాల్లో దాటించేశారు.

తిండికి ఇబ్బంది లేదు, అన్నం, వేయించిన అరటికాయ ఎక్కడైనా దొరుకుతాయి. ఖర్చు అమెరికా డాలర్లలోనే, చిన్న నోట్లు పెట్టుకోండి. ఫోన్ లోపలి జేబులో ఉంచండి. పొద్దున చలి, పదింటికల్లా నెత్తి మాడే ఎండ, టోపీ మర్చిపోవద్దు. బుక్ చేసేటప్పుడు గుంపు ఎంతమందో రాతలో అడిగి తీసుకోండి, వీలుంటే మీ వాళ్ళకే విడిగా మాట్లాడుకోండి.

మాకు యానాం మరీ దూరమేం కాదు, ఫ్రెంచి వాళ్ళు 1954 దాకా ఉన్న ఊరు. ఎన్నిసార్లు వెళ్ళినా గోదారి గట్టు మీద కూర్చుని వచ్చేయడమే. ఈసారి బాబాయిని తీసుకుని ఆ పాత చర్చి దగ్గర నుంచి మొదలుపెట్టి కాలినడకన తిరగాలని అనుకున్నాం, అక్కడి పెద్దవాళ్ళు ఎవరైనా కథలు చెప్పేవాళ్ళుంటే చెప్పండి.