నల్లగొండలో ఆయిల్ పోర్ట్రెయిట్: ముఖానికి వంక లేదు, వార్నిష్‌కే తొందర

నల్లగొండ బజారులోని ఈ పెయింటింగ్ దుకాణంలో ఫోటో చూసి కాన్వాస్ మీద ఆయిల్ రంగులతో పోర్ట్రెయిట్ వేసిస్తారు. ఎక్కువగా అమ్మానాన్నల పటాల కోసమే వస్తుంటారు. ముఖం విషయంలో వీళ్లకు వంక పెట్టలేం. పోలిక దిగుతుంది, కళ్లలో చూపు ఉంటుంది. ప్రింటు మీద జిగురు పూసి పెయింటింగ్ అని అంటగట్టే రకం కాదు. టార్చి లైటు పక్కనుంచి కొట్టి చూడండి. కుంచె గీతలు చెంప వంపు వెంట పోతున్నాయంటే చేత్తో వేసినట్టే. ప్రింటైతే గీతలు ముఖంతో సంబంధం లేకుండా అడ్డదిడ్డంగా ఉంటాయి.

ముఖం పెద్దాయన వేస్తారు, బట్టలు శిష్యులు నింపుతారు. ఇందులో తప్పేం లేదు. లండన్‌లో 1768లో రాయల్ అకాడమీ అనే చిత్రకారుల సంస్థకు తొలి అధ్యక్షుడైన పోర్ట్రెయిట్ చిత్రకారుడు సర్ జాషువా రెనాల్డ్స్‌కు గిరాకీ ఎంతగా ఉండేదంటే, ముఖం తను వేసి బట్టలు పీటర్ టామ్స్ లాంటివాళ్లకు అప్పగించేవాడు. కాకపోతే టామ్స్ ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు. ఇక్కడి పిల్లలు పోచంపల్లి చీరను స్కేలు పెట్టి గీసినట్టు వేస్తున్నారు. నూలును ముందే కట్టి రంగులో ముంచుతారు కాబట్టి, నేశాక డిజైన్ అంచు పోగుపోగుకూ కాస్త అటూఇటూ జరిగి మసకగా ఉంటుంది. ఆ మసక లేకపోతే అమ్మకు ప్రింటు చీర కట్టినట్టే. చీర అంచును దగ్గర్నుంచి తీసిన ఫోటో వేరుగా ఇవ్వండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో స్పష్టత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

రంగుల ట్యూబులు అడిగితే దాచకుండా చూపిస్తారు, అది మెచ్చుకోవాలి. ట్యూబు మీద లోపలి రంగుపొడి ఏదో చెప్పే కోడ్ ఉంటుంది. ముఖానికి వాడే ఎరుపు ట్యూబు మీద పీఆర్ 83 (PR83) అని ఉంటే వద్దనండి, వెలుతురుకు వెలిసిపోతుంది. పీవీ 19 (PV19) అయితే నిలుస్తుంది. రెనాల్డ్స్ చెంపలకు వాడిన కార్మైన్ అనే ఎరుపు రంగు ఆయన బతికుండగానే వెలిసి, కొన్ని ముఖాలు పాలిపోయాయి. అంత పేరున్నవాడి పని కూడా రంగు దగ్గరే దెబ్బతిన్నది.

అసలు ఫిర్యాదు వార్నిష్ మీదే. మూడు వారాలకే మెరుపు వార్నిష్ కొట్టి చేతికిస్తున్నారు. ఆయిల్ రంగు పైన వారం పది రోజుల్లో ఆరినట్టు కనిపిస్తుంది గానీ, లోపల ఆరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పచ్చి రంగు మీద వార్నిష్ వేస్తే రెండూ కలిసి జిగటగా మిగులుతాయి, తర్వాత పగుళ్లు వస్తాయి. నల్లజుట్టు, కోటు లాంటి మందపు ముదురు రంగు దగ్గర ఇది ముందు బయటపడుతుంది. రెనాల్డ్స్ నీడల్లో వాడిన బిటుమెన్ (తారు లాంటి ముదురు రంగు) సరిగా ఆరకనే ఆయన బొమ్మలు చాలా బీటలు వారాయి. వార్నిష్ లేకుండానే తీసుకొని, ఏడాది తర్వాత వేయించుకుంటామని ముందే మాట్లాడుకోండి. అడిగితే ఒప్పుకుంటున్నారు.

బయానా సగం అడుగుతారు. ఆ కాలపు లండన్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడి పోర్ట్రెయిట్ చిత్రకారుడు సర్ థామస్ లారెన్స్ 1830లో పోయేనాటికి ఆయన స్టూడియోలో సగంలో ఆగిన పోర్ట్రెయిట్లు కుప్పగా మిగిలాయి. డబ్బు ముందే ముట్టినా పని ఇలా ఆగిపోవచ్చు, అందుకే సగం ఒకేసారి ఇవ్వకండి. బొగ్గు గీత చూసి పోలిక కుదిరాక కొంత, ముఖం అయ్యాక కొంత, మిగతాది బొమ్మ చేతికొచ్చాక. గీత దశలో ముక్కు, పెదవుల దూరం సరిచేయడం ఐదు నిమిషాల పని, రంగు పడ్డాక రోజుల పని.

పటం కట్టేచోట అలవాటు కొద్దీ అద్దం బిగిస్తారు. ఆయిల్ బొమ్మకు అద్దం ఆనితే వేసవిలో రంగు దానికి అంటుకుంటుంది. అద్దం కావాల్సిందే అంటే మధ్యలో పావు అంగుళం సందు ఉండేలా పట్టీ వేయించండి. దీపం, అగరుబత్తి పొగ నేరుగా తగిలే గోడకు మాత్రం తగిలించకండి.