పదో తరగతి తర్వాత ఇంటరా, పాలిటెక్నికా?

మే నెల వస్తే మా ఇంట్లో ఫోన్ ఆగదు. పదో తరగతి ఫలితాలు వచ్చేసి ఉంటాయి, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ కూడా రాసేసి ఉంటారు, ఈలోగా ఏదో కార్పొరేట్ కాలేజీ పీఆర్వో రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్లి ఉంటాడు. బంధువులు, పాత స్నేహితులు, ఎదురింటివాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. "పిల్లవాడు ఇంజనీరింగే చదవాలంటున్నాడు. ఇంటర్‌లో వెయ్యమంటారా, పాలిటెక్నిక్ డిప్లొమాలోనా?" నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచికి పాఠాలు చెబుతాను. ఇంటర్ చదివి వచ్చినవాళ్లూ, డిప్లొమా చేసి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్లూ నా క్లాసులో పక్కపక్కనే కూర్చుంటారు. అందుకని నన్ను అడుగుతారు. ఈ ఏడు మాత్రం అడిగింది మా చెల్లెలు. ఫోన్‌లో రెండు మాటలు చెప్పి ఊరుకోలేకపోయాను. నాలుగు రోజులు ఆలోచించాను. అదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాలం లెక్క. "డిప్లొమా అయితే ఒక ఏడాది పోతుంది కదా" అని చాలామంది అంటారు. పోదు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు. డిప్లొమా మూడేళ్లు, ఆపైన డిప్లొమావాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే ఇంకో మూడేళ్లు. ఎటు వెళ్లినా ఆరేళ్లే, చివర్న వచ్చే డిగ్రీ కూడా ఒకటే. పైచదువుల కోసం గేట్ పరీక్ష రాసేటప్పుడు, ఎంటెక్‌లో చేరేటప్పుడు ఏ దారిన వచ్చావని ఎవరూ అడగరు. క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే కంపెనీలు పదిలో, ఇంటర్‌లో, బీటెక్‌లో అరవై శాతం ఉండాలని అంటుంటాయి. ఇంటర్ అన్నచోట డిప్లొమా మార్కులు చూస్తారు, అంతే.

ఈ ప్రశ్నే అక్కర్లేని పిల్లలు కొందరున్నారు. నీట్ రాయాలనుకుంటే బైపీసీ, సీఏ వైపు మనసుంటే ఎంఈసీ. ఐఐటీ మీద గురి ఉంటే ఎంపీసీ. మూడేళ్ల డిప్లొమా ఉన్నా ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ రాయవచ్చని నిబంధనల్లో ఉంది, నిజమే. కానీ ఆ పరీక్షలో అడిగేది ఇంటర్ స్థాయి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. డిప్లొమా పాఠాలు, ల్యాబులు చూసుకుంటూ పక్కన దాన్ని కూడా చదవడం అయ్యే పని కాదు. ఐఐటీల్లో నేరుగా రెండో సంవత్సరంలో చేర్చుకోవడం కూడా లేదు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లల్ని సందేహం లేకుండా ఇంటర్‌లో చేర్చండి.

మిగిలినవాళ్లే ఎక్కువ. పదిలో మంచి మార్కులే వచ్చాయి, ఇంజనీరింగ్ చదవాలని ఉంది, ఇంట్లో డబ్బు అంతంతమాత్రం. మా మేనకోడలు అలాంటి పిల్ల. వీళ్ల విషయంలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఒకటే. అనుకున్నది జరగకపోతే ఈ పిల్ల ఎక్కడ ఆగుతుంది?

ఫలితాలు రాగానే పేపర్లలో, ఫ్లెక్సీల మీద మొదటి ర్యాంకుల ఫొటోలు వేస్తారు. మన పిల్లను కూడా ఆ వరసలో ఊహించుకుని కాలేజీ ఎంచుకుంటాం. కానీ వందమంది పిల్లల్లో ఎక్కువమంది మధ్యలో ఉంటారు. మధ్యలో ఉన్న పిల్లకు ఏ దారి మంచిదో చూడాలి.

ఇంటర్ దారిలో రెండేళ్ల చదువూ మూడు గంటల ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ దగ్గరికి వచ్చి నిలబడుతుంది. 160 ప్రశ్నలు, అందులో సగం లెక్కలే. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణలో అది తీసేశారు, ర్యాంకంతా ఆ మూడు గంటలదే. రెండు రాష్ట్రాల్లోనూ రాసేవాళ్లు లక్షల్లో ఉంటారు. ఆరోజు ఒంట్లో బాగోలేకపోయినా, టెన్షన్‌లో నాలుగు బిట్లు తప్పు పెట్టినా ర్యాంకు వేలల్లో వెనక్కి పోతుంది. అప్పుడు ఆ పిల్ల చేతిలో ఉండేది ఇంటర్ సర్టిఫికెట్. దాన్ని చూసి ఇంజనీరింగ్ పని ఎవరూ ఇవ్వరు. దొరికిన కాలేజీలో చేరాలి, లేదా మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేయాలి, లేదా అదే పరీక్షకు మళ్లీ కోచింగ్ తీసుకుంటూ ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్‌లో కూర్చోవాలి.

నేను ఆ మూడోది చేసినవాణ్ని. రెండేళ్లు హాస్టల్లో ఉండి, తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదింటిదాకా సాగే చదువు చదివాను. ఈఏపీసెట్‌ను అప్పట్లో ఎంసెట్ అనేవారు, అందులో ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్‌కు మా నాన్న అర ఎకరం కౌలుకిచ్చి డబ్బు తెచ్చారు. ఆ ఏడాదంతా ఊళ్లో ఎవరు కనబడినా తల తిప్పుకుని వెళ్లేవాణ్ని. రెండోసారి సీటు వచ్చింది, అంతా సర్దుకుంది. కానీ పదిహేడేళ్ల వయసులో "నా చేతిలో ఏమీ లేదు" అనిపించడం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ గుర్తే. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత వరసగా వచ్చిన పిల్లల చావు వార్తలు చదువుతుంటే అదే గుర్తొచ్చి ఆ వారం సరిగా నిద్రపోలేదు.

డిప్లొమా దారిలోనూ తప్పేవాళ్లున్నారు. ఈసెట్‌లో ర్యాంకు రానివాళ్లున్నారు. కానీ ఆ రోజుకు వాళ్ల చేతిలో డిప్లొమా ఉంటుంది. మూడో ఏడాదిలో ఆరు నెలలు ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చేసి ఉంటారు. ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లోనో, ఫ్యాక్టరీలోనో, రోడ్డు పని దగ్గరో నిలబడి పని చూసి ఉంటారు. రైల్వేలో, కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) ద్వారా జూనియర్ ఇంజనీర్ పోస్టులకు, రాష్ట్రాల్లో అసిస్టెంట్ ఇంజనీర్ పోస్టులకు, కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలలో సబ్ ఇంజనీర్ పోస్టులకు డిప్లొమాతో దరఖాస్తు చేయవచ్చు. నోటిఫికేషన్లు ఏటా రావు, వచ్చినా పోటీ గట్టిగానే ఉంటుంది. అయినా అర్హత అర్హతే. ప్రైవేటు కంపెనీల్లో డిప్లొమా ట్రైనీగా చేరి ఏడాది సంపాదించి, మళ్లీ ఈసెట్ రాసి నా క్లాసుకు వచ్చిన పిల్లలున్నారు. ఇంట్లో తండ్రికి జబ్బు చేసి చదువు ఆగిపోతే ఇంటర్ పిల్లవాడి కంటే డిప్లొమా పిల్లవాడు త్వరగా నిలదొక్కుకోవడం కళ్లారా చూశాను. నా మొగ్గు అటే ఉండటానికి అసలు కారణం ఇది. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ట్యూషన్ ఫీజు ఐదు వేలు దాటదు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్ ఫీజు ముందు పెడితే ఆ తేడా ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక డిప్లొమా దారిలో నష్టం ఎక్కడో కూడా చెప్పాలి. అది లెక్కల్లో ఉంది.

డిప్లొమాలోనూ లెక్కలుంటాయి. డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్ అన్నీ చెబుతారు. కానీ ఇంటర్‌లో రెండేళ్లపాటు లెక్క మీద లెక్క చేయించినట్టు ఇక్కడ చేయించరు. పైగా ఈసెట్‌తో వచ్చేవాళ్లకు బీటెక్ మొదటి సంవత్సరం ఉండదు. లీనియర్ ఆల్జీబ్రా, వెక్టర్ కాల్క్యులస్ చెప్పేది ఆ మొదటి సంవత్సరంలోనే. రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్‌లో మా బ్రాంచికి ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్ ఉంటుంది. నేను బోర్డు మీద వెక్టర్ కాల్క్యులస్‌లోని డైవర్జెన్స్, కర్ల్ అని రాయగానే ఇంటర్ నుంచి వచ్చినవాళ్లు నోట్సు రాసుకుంటూ పోతారు. వెనక బెంచీలో కూర్చున్న లేటరల్ ఎంట్రీ పిల్లలు, అంటే డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదికి వచ్చినవాళ్లు, పెన్ను పట్టుకుని నా ముఖం చూస్తారు. ఆ సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్ పెట్టుకునేవాళ్లు వాళ్లలోనే ఎక్కువ. అదే వారంలో మెషిన్స్ ల్యాబ్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు పెట్టానంటే అంతా తారుమారవుతుంది. వాట్‌మీటర్ ఎలా కలపాలో తెలియక ఇంటర్ పిల్లలు మాన్యువల్ తిరగేస్తుంటే, డిప్లొమా పిల్లలు పది నిమిషాల్లో కనెక్షన్ ఇచ్చి, పక్క బ్యాచ్‌కు కూడా చెబుతుంటారు. నాలుగో సంవత్సరం ప్రాజెక్టుల నాటికి ఈ రెండో బలం బాగా పనికొస్తుంది. కానీ ఆ మొదటి సెమిస్టర్ దాటాలి. డిప్లొమా చదివే మూడేళ్లలో పక్కన ఇంటర్ లెక్కల పుస్తకం కొంచెం కొంచెం చేసుకుంటూ వస్తే దాటడం కష్టం కాదు. ఈసెట్‌లో ఉన్న 200 మార్కుల్లో 50 లెక్కలవే కాబట్టి ఆ కష్టం అక్కడా పనికొస్తుంది. మిగతావాటిలో 100 మార్కులు సొంత బ్రాంచివే, ఫిజిక్స్ కెమిస్ట్రీ 25 చొప్పున.

ఇంకో రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఈసెట్ రాసేవాళ్లు ఈఏపీసెట్ కంటే చాలా తక్కువ, కానీ సీట్లూ తక్కువే. లేటరల్ ఎంట్రీకి కాలేజీలో మంజూరైన సీట్ల మీద పది శాతం వరకే ఇస్తారు. మంచి కాలేజీలో అరవై సీట్ల సెక్షన్‌కు ఆరు. రెండోది, బ్రాంచి. సివిల్ డిప్లొమా చేసి కంప్యూటర్స్‌లో బీటెక్ చేస్తానంటే దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇంటర్ పిల్లలు పదిహేడేళ్లకు తీసుకునే నిర్ణయం డిప్లొమా పిల్లలు పదిహేనేళ్లకే తీసుకోవాలి. ఏ బ్రాంచి మీదా ఇష్టం లేదు, "అందరూ డిప్లొమా అంటున్నారు" అని చేరే పిల్లకు ఇంటరే మేలు. ఆ రెండేళ్లలో ఆలోచించుకోవడానికైనా సమయం దొరుకుతుంది.

తెలుగు మీడియంలో పది చదివిన పిల్లలకు డిప్లొమా మొదటి ఏడాది బరువుగా ఉంటుంది, అన్నీ ఇంగ్లిష్‌లోనే చెబుతారు. సాధారణంగా దసరా నాటికి అలవాటు పడతారు. పాలిటెక్నిక్ ఎంచుకునేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. ఒకసారి వెళ్లి వర్క్‌షాప్ చూడండి. లేత్ మెషిన్ల మీద దుమ్ము ఉందో, నూనె మరకలు ఉన్నాయో చూస్తే చాలు. దుమ్ము పట్టిన వర్క్‌షాప్ ఉన్న ప్రైవేటు పాలిటెక్నిక్ కంటే ఊళ్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీ వంద రెట్లు నయం. నేను డిప్లొమా అన్నప్పుడల్లా నా మనసులో ఉండేది ప్రభుత్వ పాలిటెక్నిక్, లేదా ల్యాబులు నిజంగా నడిచే ప్రైవేటు కాలేజీ.

బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటొస్తే ఈ చర్చంతా పక్కన పెట్టి చేరిపోండి. పదో తరగతి మార్కుల మీద ఆరేళ్ల చదువు ఒకేచోట అయిపోతుంది. ఐటీఐ గురించి కూడా అడుగుతారు. అందులోంచి డిప్లొమా రెండో ఏటికి వెళ్లే మార్గం ఉంది, కానీ యూనివర్సిటీ దాకా వెళ్లాలంటే అది చాలా చుట్టుదారి.

మా మేనకోడలికి ఇదంతా చెప్పాను. అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది. "మామయ్యా, నాకు ఈసెట్ రాకపోతే?" ఇంటర్ అయితే ఏమవుతుందో, డిప్లొమా అయితే ఏమవుతుందో రెండూ ఒక కాగితం మీద రాసి చూపించాను. కాసేపు చూసి, కరెంటు అంటే తనకు ఇష్టమేనంది. ఇంట్లో ఫ్యూజు పోతే వేసేది తనేనని మా చెల్లెలు కూడా అంది. బావగారికి మాత్రం ఆడపిల్లకు ఎలక్ట్రికల్ ఏమిటని సందేహం. డిస్కంలో అసిస్టెంట్ ఇంజనీర్‌గా పనిచేస్తున్న నా పాత విద్యార్థినితో ఫోన్‌లో మాట్లాడించాను. ఆమె కూడా డిప్లొమా చేసి వచ్చిన అమ్మాయే.

జూన్‌లో ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్‌లో ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి సీటు వచ్చింది. హాస్టల్‌కు వెళ్లే ముందు మా ఇంటికొస్తే నా అటక మీద నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం దింపి ఇచ్చాను. ఆదివారం ఆదివారం ఫోన్‌లో గంటసేపు కూర్చోవాలని ఒప్పందం. పోయిన వారం లిమిట్స్ మొదలుపెట్టాం.