ఇద్దరికి ఒక కెనూ, ఏడో నంబరు రాడ్: షెనాండోవాలో ఏడు సీజన్లు వాడాక

ఇద్దరు కలిసి నదిలో తేలుతూ స్మాల్‌మౌత్ బాస్ అనే చేపని ఫ్లైతో, అంటే ఈకలూ వెంట్రుకలతో కట్టిన నకిలీ ఎరతో వేటాడితే, చేపను నిజంగా పట్టేది ముందు కూర్చుని రాడ్ ఊపేవాడు కాదు, వెనక తెడ్డు పట్టుకున్నవాడు. అందుకని సామాను మంచిదా కాదా అన్నది ఆ తెడ్డువాడి వైపు నుంచే చూస్తున్నాను. వాడినవి 16 అడుగుల మూడు పొరల ప్లాస్టిక్ కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ), 9 అడుగుల ఏడో నంబరు రాడ్లు రెండు (నంబరు పెరిగేకొద్దీ రాడ్ బరువైన లైన్‌ని విసరగలదు), ఒక గొలుసు లంగరు. చోటు వర్జీనియాలో షెనాండోవా నది దక్షిణ పాయ, లూరేకీ ఫ్రంట్ రాయల్‌కీ మధ్య మసానట్టన్ కొండ పక్కన మెలికలు తిరిగే భాగం.

కెనూ మొండి సరుకు. రాతి అరుగుల మీద ఎన్నిసార్లు గీసుకున్నా అడుగుకి ఏమీ కాలేదు, అరిగింది రెండు కొసలే. అక్కడ మొదటి ఏడాదే రక్షణ పట్టీ అంటించుకుంటే సరిపోయేది. బరువు 80 పౌండ్లు దాటుతుంది, ఒక్కరే కారు మీదికి ఎత్తాలనుకోవద్దు. ఎండలో నేల మీద వెల్లకిలా వదిలేస్తే అడుగు లోపలికి సొట్టపోతుంది. బోర్లించి, అంచులు రెండు దుంగల మీద ఆనేలా నీడలో పెట్టాలి. కుర్చీ బోల్టులు సీజన్‌కి రెండుసార్లు వదులవుతాయి. నైలాన్ నట్లు వేశాక ఆ బెడద పోయింది.

అసలు సంగతి బరువు సర్దుకోవడంలో ఉంది. చేపల వేటలో పడవ ప్రవాహం కన్నా నెమ్మదిగా పోవాలి, అంటే తెడ్డువాడు అస్తమానం వెనక్కి తోస్తూ ఉంటాడు. అప్పుడు నీరు వెనక కొసని నెడుతుంది. ఆ కొస లోతుగా మునిగి ఉంటే పడవ అడ్డం తిరిగిపోతుంది. మామూలుగా తెడ్డు వేసుకుంటూ పోవడానికి వెనక కాస్త బరువుండటం మంచిదేమో గానీ, ఈ పనికి మాత్రం పడవ సమంగా ఉండాలి, లేదా ముందు ఒక పిసరు ఎక్కువుండాలి. తెడ్డువాడు బరువైన మనిషైతే ఐస్ పెట్టెనీ నీళ్ళ డబ్బానీ ముందుకు జరపండి. ఒడ్డుకి 40 అడుగుల దూరం అలాగే నిలిస్తే ముందువాడికి ప్రతి విసురూ ఒకే కొలతలో పడుతుంది. దూరం మారుతూ పోతే ఎంత చేయి తిరిగినవాడైనా సగం ఫ్లైలు చెట్లకే కడతాడు.

రాడ్ విషయంలో ఆరో నంబరుకి గాలిలో పెద్ద పాపర్ (నీటి మీద తేలుతూ టప్‌మని చప్పుడు చేసే ఫ్లై) బరువైపోతుంది. ఎనిమిదో నంబరు పని చేస్తుంది గానీ సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. ఏడే సరైనది. కూర్చుని విసురుతాం కాబట్టి పొడవు 9 అడుగులకి తగ్గకూడదు, తగ్గితే వెనక్కి వెళ్ళిన లైన్ నీళ్ళని తాకుతుంది. లైన్ తేలేదై ఉండాలి, బరువంతా ముందు భాగంలో ఉన్న బాస్ రకం కావాలి. లీడర్ (లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం) ఏడున్నర అడుగులు, చివర 10 పౌండ్ల దారం. అంతకన్నా సన్నమైతే పాపర్ తిరిగి తిరిగి దారం మెలి పడుతుంది. లైన్ కొస రెండో సీజన్ చివరికి మునగడం మొదలెడుతుంది, పాపర్‌ని కిందికి లాగేస్తుంది. సబ్బు నీళ్ళతో కడిగినా తేలకపోతే మార్చేయాల్సిందే. రీల్‌కి డబ్బు తగలేయకండి, ఈ చేపని చేత్తోనే లాగుతాం.

ఫ్లైలు మూడు రకాలు చాలు. ఒకటి పాపర్, నాలుగో నంబరు గాలం మీద. రెండోది హెల్‌గ్రమైట్, రాళ్ళ కింద బతికే నల్లటి పురుగుకి నకలు. మూడోది క్లౌజర్ మిన్నో, చిన్న చేపపిల్లకి నకలు. బాబ్ క్లౌజర్ దాన్ని 1980లలో సస్క్వహానా నదిలో ఈ చేప కోసమే కట్టాడు. సీసపు కళ్ళ బరువుకి గాలం పైకి తిరిగి ఉంటుంది కనుక రాళ్ళకి తక్కువ తగులుకుంటుంది. ప్రమాదం కూడా ఆ కళ్ళతోనే: విసురులో రాడ్ కొసకి తగిలితే కంటికి కనపడని బీట పడి, వారం తర్వాత చిన్న చేపకే పుటుక్కుమంటుంది. ఆ ఫ్లై కట్టినప్పుడు విసురు నెమ్మదిగా, వెడల్పుగా తిప్పండి.

పాపర్‌ని ఒడ్డుకి అడుగులోపు, నీడలో వేసి వలయాలు పూర్తిగా చెదిరేదాకా కదపకూడదు. తర్వాత ఒక్క టప్ చాలు. కొరమీనుకి కప్ప ఎర వేసినవాళ్ళకి ఈ ఓపిక కొత్త కాదు. చేప అందుకోగానే రాడ్ పైకెత్తితే పాపర్ నోట్లోంచి జారి నేరుగా మొహం మీదికొస్తుంది. రాడ్ నీటి వైపే ఉంచి ఎడమ చేత్తో లైన్ లాగాలి. ఇద్దరికీ కళ్ళజోడు తప్పనిసరి, గాలం ముల్లు నొక్కేసి ఉండాలి.

స్నేహితుడితో గొడవ రాకుండా ఉండాలంటే ఒకసారికి ఒకే రాడ్. అరగంటకోసారి చేతులు మారాలి. పడవ ముక్కు 12 అనుకుంటే ఎడమ ఒడ్డు మీదికి 9, 10 అంకెల దిక్కులోనే విసరాలి. 11 దాటితే వెనక్కి పోయే గాలం తెడ్డువాడి చెవి దగ్గరికొస్తుంది. కుడిచేతివాటం వాళ్ళకి ఎడమ ఒడ్డే సుఖం. లాగిన లైన్ కాళ్ళ దగ్గర బోల్టులకీ చెప్పుల పట్టీలకీ చుట్టుకుంటుంది, పాత దుప్పటి తడిపి పరిస్తే తీరిపోతుంది.

లంగరంటే 10 పౌండ్ల గొలుసుని పాత సైకిల్ ట్యూబులో దూర్చింది, రాళ్ళ మీద చప్పుడు చేయదు. వెనక కొస నుంచే, అదీ నెమ్మది నీటిలోనే వేయాలి. పక్క నుంచి వేస్తే ప్రవాహం ఆ అంచుని కిందికి లాగి క్షణాల్లో పడవ నింపేస్తుంది. తాడు ఒక్క లాగుకి ఊడేలా కట్టి, కత్తి అందుబాటులో పెట్టుకోండి. బెంటన్‌విల్‌కి పైనున్న కాంప్టన్ ర్యాపిడ్ (రాళ్ళ మధ్య నీరు ఉరికే చోటు) రాకముందే లైన్లు చుట్టేసి రాడ్లు కట్టేయాలి.

వేటాడుతూ పోతే గంటకి మైలు, రోజుకి 6 నుంచి 8 మైళ్ళు. అంతకన్నా పొడుగు పెట్టుకుంటే చివరి రెండు మైళ్ళు చీకట్లో తెడ్డు వేయడమే. జూలై చివర, ఆగస్టు సాయంత్రాల్లో తెల్ల మేఫ్లైలనే రెక్కల పురుగులు నీటి మీంచి లేస్తాయి, ఆ గంట కోసం మాత్రం ఆగవచ్చు.

పులుసు మీద ఆశ పెట్టుకోకండి. వేన్స్‌బరోలోని ఒక కర్మాగారం నుంచి 1929–1950 మధ్య ఎగువ నదిలోకి చేరిన పాదరసం ఇప్పటికీ చేపల్లో ఉంది, తినడం మీద ఆరోగ్య శాఖ పరిమితి పెట్టింది. అన్నట్టు ఈ చేప ఇక్కడిది కాదు: 1854లో రైలింజన్ నీళ్ళ తొట్టిలో పొటోమాక్ నదికి తెచ్చి వదిలారు, అక్కణ్ణుంచి ఇక్కడికి పాకింది.

రెండు కార్లు కావాలి, ఒకటి ముందే కింది రేవులో వదలాలి. దాని తాళం పై రేవులో కారులో ఉండిపోవడం అందరికీ ఒకసారి జరిగేదే. నీరు చొరని సంచిలో వేసి, ఆ సంచిని కెనూ అడ్డపట్టీకి కట్టాకే తెడ్డు ముట్టండి.