జిడ్డు స్ప్రే, వ్యాక్స్, గేర్ ఆయిల్: రెండు చైన్ల మీద వాడి చూశాక

బైక్ చైన్‌కి ఏ లూబ్ (చైన్‌కి వేసే నూనె) మంచిది అని అడిగితే ప్రతి ఒక్కడూ తను కొన్న డబ్బా పేరే చెప్తాడు, మొదట్లో నేనూ అంతే. ఇప్పుడు నా బండి 44 వేల కిలోమీటర్లు దాటింది. మొదటి చైన్ 18 వేలకే పోయింది, రెండోది 26 వేలు తిరిగి ఇంకా లాగుతోంది. మొదటిదానికి చివరిదాకా జిడ్డు స్ప్రే కొట్టా, రెండోదానికి ఓ 8 వేలు వ్యాక్స్ వాడా, ఆ తర్వాత నుంచి గేర్ ఆయిలే. ముందే చెప్పేస్తున్నా, మొదటి చైన్ తొందరగా పోవడానికి తప్పంతా స్ప్రేది కాదు, సగం నాది, కొంచెం ఇంకొకళ్లది, ఆ కథ కింద చెప్తా.

నాది 520 సైజు ఓ-రింగ్ (O-ring) చైన్, 110 లింకులు. ఓ-రింగ్ అంటే ఒక్కో లింకులో పిన్నుకీ, అది దూరే చిన్న గొట్టం, అదే బుష్, దానికీ మధ్య గ్రీజు కంపెనీలోనే పెట్టి, అది బయటికి రాకుండా సైడ్ ప్లేట్ల మధ్య రబ్బరు రింగులు బిగించేస్తారు. చైన్ సాగింది అంటాం చూడండి, నిజానికి ఇనుము ఏమీ సాగదు, ఆ పిన్నూ బుష్షూ అరిగి ఒక్కో లింకు దగ్గర కాస్త కాస్త సందు పెరుగుతుంది, అన్నీ కలిసి పొడవైపోతుంది. ఇది తెలిసిన రోజు నాకు కొంచెం చిరాకేసింది, ఎందుకంటే నేను ఎంత ఖరీదైన స్ప్రే కొట్టినా ఆ అసలు అరిగే చోటికి అది పోనే పోదు, రింగు అడ్డం ఉంటుంది. మరి లూబ్ ఎందుకు అంటే, బుష్ మీద తిరిగే రోలర్‌కి సీల్ లేదు, దానికి నూనె బయటి నుంచే వెళ్లాలి. రోలర్ స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ల చక్రం) పళ్ల మీద కూర్చునే చోటా కావాలి, రబ్బరు రింగులు ఎండిపోకుండా కావాలి, ప్లేట్లు తుప్పు పట్టకుండా కావాలి. అంటే మనకి కావాల్సింది రోలర్ కిందికి దూరేంత పల్చగా ఉండాలి, రింగులకి హాని చేయకూడదు, దుమ్ముని పట్టి ఉంచకూడదు. గ్రీజు పూసేవాళ్లని చూశా, అది లోపలికి దూరదు, పైన ముద్దలా కూర్చుని ఇసుకని పోగేస్తుంది అంతే.

జిడ్డు స్ప్రే సంగతి. కొట్టగానే నీళ్లలా పల్చగా ఉంటుంది, లోపలికి బాగానే దూరుతుంది, తర్వాత అందులో పల్చన చేయడానికి కలిపిన సాల్వెంట్ ఆరిపోయి చిక్కటి జిగురు మిగులుతుంది. అసలు చిమ్మదు, వానకి ఊరికే పోదు, చూడటానికి చైన్ నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకి బాగానే ఉంటుందేమో కానీ నేను రోజూ కొంత మట్టి రోడ్డు మీద పోవాలి, అక్కడే తేడా కొట్టింది. ఒకరోజు చైన్ తుడుస్తుంటే గుడ్డకి నల్లటి మడ్డి వచ్చింది, దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశా, గరగరమంటూ సన్నటి ఇసుక, అచ్చం పాత్రలు తోమే పొడిలా. అంటే ప్రతి 600 కిలోమీటర్లకీ శ్రద్ధగా కొట్టినదంతా సానరాయి పనే చేస్తోందన్నమాట. పైగా నేను కడగకుండా పాత జిడ్డు మీదే కొత్తది కొట్టేవాణ్ణి, అందుకే సగం తప్పు నాది అన్నా. ఇంజన్ స్ప్రాకెట్ కవర్ విప్పి చూస్తే లోపల ఆ మడ్డి ముద్దలు ముద్దలుగా గట్టిపడి ఉంది, స్క్రూడ్రైవర్‌తో గీకి తీశా.

ఇక ఇంకొకళ్ల వాటా. సుమారు 14 వేల దగ్గర సర్వీస్‌కి ఇస్తే అక్కడి కుర్రాడు చైన్‌ని పెట్రోలు పోసి ఇనుప బ్రష్‌తో రుద్ది అద్దంలా చేసి ఇచ్చాడు, నేను సంతోషంగా తెచ్చుకున్నా. పెట్రోలు ఆ రబ్బరు రింగులకి పడదు, ఇనుప బ్రష్ వాటిని కోసేస్తుంది, ఈ రెండూ తర్వాత తెలిశాయి. ఇంకో 3 వేలు తిరిగేసరికి కొన్ని లింకులు వెనక స్ప్రాకెట్ దాటి వచ్చాక తిన్నగా అవ్వకుండా వంకరగా అలాగే ఉండిపోతున్నాయి, వాటి పక్కన ఎర్రటి పొడి రాలుతోంది. లోపలి గ్రీజు పోయి పిన్ను తుప్పు పడుతోందనడానికి అదే గుర్తు. ఆ స్టేజ్‌లో ఏం కొట్టినా లాభం లేదు, తెలిసినా ఓ వెయ్యి లాగించా, చైన్ ఒకచోట బిగుతుగా ఇంకోచోట లూజుగా తయారైంది, పళ్లు కూడా కొక్కేల్లా వంగడం మొదలెట్టాయి, దాంతో స్ప్రాకెట్లు రెండూ చైనూ కలిపి మార్చా.

కొత్త చైన్‌కి పట్టుదలగా వ్యాక్స్ మొదలెట్టా. తెల్లగా పడుతుంది, ఆరాక ముట్టుకుంటే వేలికి దాదాపు ఏమీ అంటదు, రిమ్ము శుభ్రంగా ఉంటుంది, మట్టి కూడా పెద్దగా పట్టదు. ఎండాకాలం అంతా దీన్ని మించింది లేదు అనుకున్నా. తిప్పలు వానల్లో మొదలయ్యాయి. రోజంతా తడిసి ఇంటికొచ్చి అలాగే వదిలేస్తే పొద్దున్నే సైడ్ ప్లేట్ల మీద సన్నగా ఎరుపు, ఇంకా కిర్రు కిర్రు మని చప్పుడు. మళ్లీ కొట్టు, మళ్లీ వాన. ఇంకోటి, చైన్ శుభ్రంగా కడిగి బాగా ఆరాకే కొట్టాలి, లేకపోతే వ్యాక్స్ పాత జిడ్డు మీద తెల్లటి పొట్టులా కూర్చుంటుంది. అంత ఓపిక నాకు నెలకోసారి ఉంటుంది, వారానికోసారి ఉండదు.

గేర్ ఆయిల్‌కి మారింది బండి మాన్యువల్ చూసి. అందులో ఓ-రింగ్ చైన్‌కి పనికొచ్చే లూబ్ లేదా 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ అని ఉంది, ఇన్నాళ్లూ చదవలేదు. సన్న మూతి సీసాలో పోసుకుని, బండి స్టాండ్ ఎక్కించి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పుతూ కింది చైన్ లోపలి వైపు, రోలర్‌కి రెండు పక్కలా చుక్క చుక్క వేస్తా. లోపలి వైపే ఎందుకంటే చక్రం తిరిగేటప్పుడు నూనె బయటికి విసిరినట్టు పోతుంది, లోపల వేస్తే పోతూ పోతూ లింకుల మధ్యనుంచి వెళ్తుంది. అయ్యాక పది నిమిషాలాగి పైపైన ఉన్నదంతా గుడ్డతో గట్టిగా తుడిచేస్తా. ఈ తుడవడం చాలామంది చేయరు, చేయకపోతే మాత్రం మర్నాడు రిమ్ము, నంబర్ ప్లేటు, ప్యాంటు అన్నీ చుక్కలే. తుడిచినా మొదటి 50 కిలోమీటర్లు కొంచెం చిమ్ముతుంది, తెల్ల రిమ్ములున్నవాళ్లకి నేనైతే చెప్పను. కానీ ఆ చిమ్మడంలోనే దుమ్ము కూడా పోతుంది, గుడ్డకి వచ్చే మడ్డిలో ఇప్పుడు ఆ గరగర లేదు. వానలో తడిస్తే ఆ సాయంత్రమే మళ్లీ వేస్తా, లేదంటే 400, 500 మధ్యలో.

కడగడానికి కిరోసిన్, మెత్తటి బ్రష్, అదీ రెండు మూడుసార్లు లూబ్ వేశాక ఒకసారి, నానబెట్టకుండా గబగబా తుడిచేయడమే. నీలం డబ్బా డబ్ల్యూడీ-40 నీళ్లు తరమడానికి బాగుంటుంది, దాని పేరు కూడా నీటిని తొలగించే 40వ ఫార్ములా అన్న అర్థంలోనే పెట్టారు, కానీ అది కొట్టి లూబ్ అయిపోయింది అనుకోవద్దు, మిగిలే పొర చాలా పల్చన. తీసేసిన ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లకి దండం, అందులో ఇంజన్ మసీ లోహపు పొడీ అన్నీ ఉంటాయి.

ఏది వాడినా పొద్దున బయల్దేరే ముందు వేయకండి, రైడ్ నుంచి వచ్చాక చైన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు వేసి రాత్రంతా వదిలేయండి. స్ప్రేలో సాల్వెంట్ ఆరడానికే టైం పడుతుంది. నేను ఒకసారి హడావిడిలో కొట్టి, టైరుకి అట్ట అడ్డం పెట్టకుండా కొట్టి, వెంటనే బయల్దేరితే మొదటి మలుపులోనే వెనక టైరు జర్రున జారింది, పడలేదు కానీ గుండె ఆగినంత పనైంది. బ్రేక్ డిస్క్ మీద పడితే ఇంకా ఘోరం. ఇంజన్ ఆన్ చేసి గేర్‌లో పెట్టి చక్రం తిరుగుతుంటే గుడ్డ పెట్టి తుడిచే వీడియోలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య వేలు పోతే తిరిగి రాదు.

లెక్క కావాలంటే, 520 చైన్‌లో ఒక లింకు 15.875 మిల్లీమీటర్లు, 20 లింకులు కొత్తలో 317.5. నా మాన్యువల్లో 323 దాటితే మార్చేయమని ఉంది. మొదటి చైన్ విప్పేసిన రోజు బిగించి లాగి కొలిస్తే 322 మీద టేపు అటూ ఇటూ ఊగింది. ఇప్పటి చైన్ పోయిన వారం రెండు మూడు చోట్ల కొలిచా, ఎక్కువొచ్చిన చోట 319.5. ఇది ఒక్క బండి లెక్క, రెండో చైన్‌కి పెట్రోలు స్నానం జరగలేదు, నేను చైన్ లూజు కూడా టైంకి సరిచేశా, కాబట్టి ఘనతంతా గేర్ ఆయిల్‌కి ఇవ్వను.

వానలు లేని నెలల్లో దూరం వెళ్తే వ్యాక్స్ డబ్బా ఇంకా బ్యాగులో పడేస్తా, సామాన్ల మీద జిడ్డు కారదు కదా. జిడ్డు స్ప్రే సగం మిగిలిపోయింది, సైడ్ స్టాండ్ కీలుకి కొడుతున్నా, అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తోంది.