గ్రూప్-2 మెటీరియల్ సెట్టు కొనేముందు ఇది చదవండి: మా అమ్మాయికి కొన్న పుస్తకాల సంగతి

విజయవాడలో, గుంటూరులో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకీ వాళ్ళ అమ్మానాన్నలకీ ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను. నేను గుంటూరులో హైస్కూలు టీచర్ని. మా అమ్మాయి గ్రూప్-2కి చదువుతోంది. పోయిన నెల విజయవాడ వెళ్ళినప్పుడు ఏలూరు రోడ్డు వైపు ఒక షాపులో ఐదు పుస్తకాల సెట్టు కొన్నాను. అట్ట మీద 2,400, బేరమాడితే 1,900కి ఇచ్చారు. ‘తాజా ఎడిషన్, నిపుణుల బృందం రచన’ అని ఉంది. ప్లాస్టిక్ కవరు బిగించి ఉండటంతో లోపల చూసే వీల్లేకపోయింది. అక్కడే ఆగాల్సింది. ఆగలేదు.

నాలుగు రోజుల తర్వాత అమ్మాయి మూడో పుస్తకం పట్టుకుని వచ్చింది. “నాన్నా, ఇక్కడ ‘ఆధారం చూపాలి’ అని ఉందేంటి? ఎవరు చూపాలి? ఎవరికి?” అంది. చూస్తే నిజమే. వాక్యం చివర, చదరపు బ్రాకెట్లలో, చిన్న అక్షరాలతో [ఆధారం చూపాలి] అని అచ్చయి ఉంది. ఆ పేజీ పైనున్న శీర్షిక పక్కన [మార్చు] అని ఉంది. వాక్యాల చివర 7, 12 అంటూ అంకెలున్నాయి కానీ, ఆ అంకెలు ఏ పుస్తకాలను చూపిస్తున్నాయో చెప్పే జాబితా ఐదు పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఎవరైనా రాయగలిగే, దిద్దగలిగే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం తెలుగు వికీపీడియా తెరిచినవాళ్ళకి ఇది అర్థమయ్యే ఉంటుంది. అక్కడ శీర్షిక పక్కన [మార్చు] నొక్కితే ఆ భాగాన్ని దిద్దొచ్చు. అక్కడ ఎవరైనా ఆధారం లేకుండా ఒక మాట రాస్తే, తర్వాత చదివిన ఇంకొకరు దాని పక్కన ఆ గుర్తు పెడతారు. ‘ఈ మాట నమ్మేముందు ఆగండి, దీనికి రుజువు ఇంకా రాలేదు’ అని దానర్థం. ఆ గుర్తుల్ని కూడా చూసుకోకుండా వికీపీడియా పేజీల్ని కాపీ కొట్టి అచ్చేశారు.

నేను ఖాళీ దొరికినప్పుడు తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. తెనాలి దగ్గర మా ఊరి పేజీలో బడి గురించి రెండు వాక్యాలు నేనే చేర్చాను. టైపు చేసేటప్పుడు బడి పెట్టిన ఏడాది 1957 అని రాయాల్సింది 1975 అని పడింది. కొన్నాళ్ళకి ఎవరో ఆ పేజీకి జతగా ఉండే చర్చ పేజీలో “ఈ సంవత్సరానికి మూలం ఏమిటి?” అని అడిగారు. బడి రికార్డు చూసుకుని దిద్దాను. ఇప్పుడు ఈ సెట్టు మొదటి పుస్తకంలో మా ఊరు ఉంది. నా వాక్యాలే, నా పదాలే, బడి పెట్టింది 1975లో. నేను దిద్దకముందు కాపీ చేశారన్నమాట. అక్కడ ఆ తప్పు పోయి చాలా కాలమైంది. ఇక్కడ మాత్రం అది ఎంతమంది పిల్లల చేతుల్లోకి వెళ్ళిందో. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కూర్చుని మిగతా పుస్తకాలు తిరగేశాను. వాటి ప్రకారం మైలవరం, తిరువూరు, నందిగామ ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడే అవి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. నరసరావుపేట గుంటూరు జిల్లా అని రాశారు, అది పల్నాడు జిల్లా కేంద్రం. అదే మార్పులో అమరావతి మండలం పల్నాడులోకి పోయింది, తుళ్ళూరు గుంటూరులోనే ఉండిపోయింది. ప్రశ్న తయారుచేసేవాళ్ళు సరిగ్గా ఇలాంటి చోటే పట్టుకుంటారు. పింగళి వెంకయ్య గారు పుట్టిన సంవత్సరం రెండో పుస్తకంలో 1876, నాలుగో పుస్తకంలో 1878. ఈ రెండు సంవత్సరాలూ బయట వాడుకలో ఉన్నవే. అయితే ఒకే సెట్టులో రెండూ ఉన్నాయంటే, ఒక్క మనిషి కూడా మొదటి నుంచి చివరిదాకా చదవలేదనే అర్థం. గ్రూప్-2లో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. పిల్లలు రాత్రుళ్ళు కూర్చుని బట్టీ పట్టేది వీటిని.

ఇదంతా చదివి ఎవరూ వికీపీడియాని తిట్టొద్దు. అది పనిచేసే తీరు వేరు. అచ్చు పుస్తకాన్ని సంపాదకుడు ముందు చదువుతాడు, తర్వాతే బయటికొస్తుంది. వికీపీడియాలో మార్పు చాలావరకు వెంటనే కనిపిస్తుంది, పరిశీలన ఆ తర్వాత జరుగుతుంది. చూసేవాళ్ళు జీతగాళ్ళు కారు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు. 2001లో ఇంగ్లీషులో మొదలైంది, 2003 డిసెంబరులో తెలుగులో వచ్చింది. ఇంగ్లీషులో అంతమంది చూస్తున్నా, 2005లో అమెరికాలో జాన్ సీగెన్‌థాలర్ అనే జర్నలిస్టు మీద ఎవరో పచ్చి అబద్ధం రాస్తే నాలుగు నెలలపాటు ఎవరూ పట్టుకోలేదు. అదే ఏడాది నేచర్ అనే సైన్సు పత్రిక 42 సైన్సు అంశాల మీద వికీపీడియా వ్యాసాల్నీ, పేరున్న విజ్ఞాన సర్వస్వం బ్రిటానికా వ్యాసాల్నీ నిపుణులకిచ్చి పరిశీలింపజేస్తే, సగటున ఒక్కో వ్యాసంలో వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు పొరపాట్లు తేలాయి. అంటే పదిమంది చూసే పేజీ బాగానే ఉంటుంది. మా ఊరి పేజీలాంటిది ఏడాదికి ఒకరో ఇద్దరో చూస్తారు, తప్పు అలాగే పడి ఉంటుంది. తెలుగులో రాసేవాళ్ళు తక్కువ, అలాంటి పేజీలు ఎక్కువ.

అయినా అక్కడ దాపరికం లేదు. ఎవరు ఏ రోజు ఏం మార్చారో పేజీ చరిత్రలో ఉంటుంది. గొడవ పడితే చర్చ పేజీలో కనిపిస్తుంది. అనుమానం ఉంటే గుర్తు పెడతారు. ఈ పుస్తకం చేసింది ఆ చరిత్రనీ, చర్చనీ, మూలాలనీ కోసేసి, మిగిలిన దానికి అట్ట వేసి అమ్మడం. వికీపీడియా పాఠ్యాన్ని కాపీ చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాకపోతే ఎక్కణ్ణుంచి తీసుకున్నారో చెప్పాలి, తిరిగి అదే లైసెన్సు కింద అందరికీ ఇవ్వాలి. ఇందులో ఆ ఊసే లేదు. రెండో పేజీలో ‘సర్వహక్కులు ప్రకాశకులవి’ అని ఉంది. నేను రాసిన వాక్యం మీద కూడా హక్కు వాళ్ళదే అన్నమాట!

సెట్టు తీసుకుని షాపుకి వెళ్ళాను. “మాస్టారూ, కవరు చించాక వాపసు ఉండదండీ. మేం అమ్మేవాళ్ళమే, వేసేవాళ్ళం కాదు” అన్నాడు కౌంటరులో అబ్బాయి. అతని తప్పేం లేదు, కోప్పడలేదు. పుస్తకం మీదున్న ఫోను నంబరుకి మూడు రోజులు చేశాను. ఎత్తలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, బిల్లు ఉంది కాబట్టి. బిల్లు అడిగి తీసుకోండి, ‘రాసిస్తాం లెండి’ అని చిత్తు కాగితం ఇస్తే ఒప్పుకోవద్దు.

కొనేముందు కవరు విప్పి చూపించమని అడగండి. చూపించకపోతే పక్క షాపుకి వెళ్ళండి. చేతికొచ్చాక మీ సొంత ఊరో, మండలమో ఉన్న పేజీ తియ్యండి, అది మీకు తెలిసిన విషయం కాబట్టి నిమిషంలో పట్టేస్తారు. జిల్లా పేరు సరిగ్గా ఉందా? రాసినవాళ్ళ పేర్లు ఉన్నాయా, ‘నిపుణుల బృందం’ అనేనా? చివర ఆధార గ్రంథాల పట్టిక ఉందా? అనుమానం వస్తే ఒక వాక్యం యథాతథంగా ఫోనులో కొట్టి వెతకండి, ఎక్కడిదో అక్కడే తేలిపోతుంది. మా అమ్మాయి ఇప్పుడు తెలుగు అకాడమి పుస్తకాలు, ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే ముందు పెట్టుకుని చదువుతోంది. వికీపీడియా కూడా చూస్తోంది, కానీ కింద ఉన్న మూలం తెరిచి చూశాకే నోట్సులో రాసుకుంటోంది.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇంకొకటి ఉంది. రేపు ఎవరో ఈ పుస్తకం చూసి, మా ఊరి పేజీలో 1957ని మళ్ళీ 1975 చేసి, ఈ పుస్తకాన్నే మూలంగా చూపించవచ్చు. అచ్చు పుస్తకం కదా అని మిగతావాళ్ళు ఒప్పుకుంటారు. నా చేతి తప్పే ఆధారంతో సహా తిరిగొస్తుంది. అందుకే మా ఊరి చర్చ పేజీలో జరిగింది మొత్తం రాసి, ఈ సెట్టుని మూలంగా తీసుకోవద్దని కోరాను. బడి రికార్డు ఎక్కడ చూడొచ్చో కూడా రాశాను.

మీ ఇంట్లో పేరు లేని బృందం రాసిన ఐదు పుస్తకాల సెట్టు ఉంటే, శీర్షికల పక్కన [మార్చు] ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే ఆ పేజీ ఫొటో తీసి, బిల్లు జతచేసి, మీరూ 1915కి ఫోన్ చెయ్యండి.