రెండు గ్రాముల వైట్ టీ, మా అనంతపురం నీళ్లు

25 గ్రాముల ప్యాకెట్ 640 రూపాయలు. కొరియర్ చార్జీ వేరే. కూనూరు వైపు తోటల నుంచి వచ్చిన నీలగిరి సిల్వర్ టిప్స్ అనే వైట్ టీ అని దాని మీద రాసుంది. కంపెనీ పేరు ఇక్కడ రాయను, తిట్టాల్సినవి రెండు మూడున్నాయి.

నాకు పాత ఊర్లో మందుల షాపు. పొద్దున ఎనిమిదికి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకు దించేలోపు ఆరు టీలు. అన్నీ ఎదురుగా ఉన్న బంకులోవే, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. జనవరిలో చూపించుకుంటే షుగరు బార్డర్ మీదుందన్నారు. చక్కెర మానేశాక పాల టీ గొంతు దిగలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "పెదనాన్నా, పాలూ చక్కెరా అక్కర్లేని టీ ఒకటుంది, తాగి చూడు" అన్నాడు. అలా తెప్పించాను.

మొదటిరోజు అలవాటు ప్రకారం గిన్నెలో నీళ్లు పెట్టి, మరుగుతుండగా ఒక చెంచా వేసి, మూడు నిమిషాలు తెర్లనిచ్చాను. బోరు నీళ్లు. దిగింది చూస్తే ఎర్రగా, పైన నూనె తెట్టులాంటి పొర. నోట్లో పోసుకుంటే వగరు. మా ఆవిడ ఒక గుక్క తాగి, "640 పెట్టి ఏమండీ ఇది, బియ్యం కడిగిన నీళ్లయినా దీనికన్నా నయం" అని గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ రోజే వన్ స్టార్ ఇచ్చేవాణ్ణి. ఇవ్వకపోవడం మంచిదైంది, ఎందుకంటే తప్పులో సగం మా ఇంటి నీళ్లది, పావు నాది, మిగిలిన పావే కంపెనీది.

వైట్ టీ అంటే వేరే చెట్టేమీ కాదు. బంకులో పొడి వచ్చే మొక్కే. విచ్చుకోని మొగ్గ తుంచి, వాడబెట్టి, ఆరబెడతారు, అంతే. నలపరు, వేయించరు. మొగ్గ మీది తెల్లటి నూగు రాలకుండా ఉంటుంది కాబట్టి ఆ పేరు. చైనాలో ఫుజియన్ రాష్ట్రం, అందులో ఫుడింగ్, జెంగ్‌హె దీనికి పుట్టిల్లు. ఒట్టి మొగ్గలదాన్ని వాళ్లు బైహావో యిన్‌జెన్ అంటారు, తెల్ల నూగున్న వెండి సూది అని అర్థం. మొగ్గతోపాటు ఒకటి రెండు లేతాకులు కలిపితే బై ముడాన్, కొంచెం చవక. మన దేశంలో డార్జిలింగ్, నీలగిరి, అస్సాంలలో చేస్తున్నారు.

బంకు టీ పొడిది వేరే కథ. 1930ల్లో అస్సాంలో మొదలైన సీటీసీ యంత్రం ఆకును చిదిమి, చింపి, గుండ్లలా చుట్టేస్తుంది. కణాలన్నీ పగిలిపోతాయి కాబట్టి నీళ్లు తగలగానే రంగంతా వదిలేస్తుంది. వైట్ టీ మొగ్గ పగలనే లేదు. నిదానంగా వదులుతుంది, దాన్ని తొందరపెట్టి మరిగిస్తే మాత్రం వగరు ముందొస్తుంది. ఈ ముక్క ప్యాకెట్ మీద ఉంటే నా మొదటి మూడు గ్లాసులు సింకులో పోసేవాణ్ణి కాదు. అక్కడ రాసిందల్లా "వేడి నీటిలో 5 నిమిషాలు" అని. ఎంత వేడి? చెప్పలేదు. ఒక చెంచా అన్నారు, అది ఇంకా అన్యాయం. ఈ మొగ్గలు దూదిలా ఉబ్బి ఉంటాయి. పక్కన బంగారం కొట్టు అన్న దగ్గర కాటా మీద పెట్టి చూశాం. సీటీసీ పొడి చెంచాకు రెండున్నర గ్రాములు తూగింది, ఇదేమో ముప్పావు గ్రాము. అన్న నవ్వి, "తరుగు ఎంత వేసినాడు?" అని అడిగాడు. ఇప్పుడు రెండు గ్రాములకు దాదాపు మూడు చెంచాలు వేస్తున్నాను.

వేడి సంగతి. మా షాపులో థర్మామీటర్లకు కొదవలేదు కానీ అవి జ్వరానివి, 42 దాటితే చేతులెత్తేస్తాయి. స్కూళ్లకు లాబు సామాన్లు అమ్మే చోట 110 డిగ్రీల గాజు థర్మామీటరు కొన్నాను. మన ఊరు సముద్రమట్టానికి 300 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్లు 99 దగ్గరే మరుగుతాయి. మరిగిన నీళ్లను ఒక స్టీలు గ్లాసులో పోస్తే 90. దాంట్లోంచి ఇంకో గ్లాసులోకి ఆరబోస్తే 83. వైట్ టీకి 80, 85 మధ్య కావాలి. అంటే రెండుసార్లు ఆరబోస్తే చాలు, థర్మామీటరు తీసి దాచేయొచ్చు. మే నెలలో గ్లాసులే కాగి ఉంటాయి, అప్పుడు మూడో గ్లాసు.

ఇక నీళ్లు. ఆర్వో ప్లాంటు నుంచి క్యాన్లు వేసే అబ్బాయి జేబులో టీడీఎస్ మీటరు ఉంటుంది, నీళ్లలో కరిగిన ఉప్పులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది. అడిగితే మూడు గ్లాసుల్లో ముంచి చూపించాడు. మా బోరు 1140. మున్సిపాలిటీ కుళాయి 310. వాడి క్యాను 38. తాగేనీటికి బీఐఎస్, అంటే మన దేశపు ప్రమాణాల సంస్థ, పెట్టిన మామూలు హద్దు 500. బోరు నీళ్లలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్‌తో కలిసి ఆ పొర కడతాయి, రంగును కూడా ముదురుస్తాయి. బకెట్ అడుగున తెల్లగా పట్టేది కూడా ఆ కాల్షియమే. పైగా మా జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ బాధ ఉంది, మరిగిస్తే పోయేది కాదు అది. కాబట్టి బోరు వంటింట్లోకే రావద్దు.

మరి క్యాను నీళ్లు? పొర రాలేదు, రంగు లేత గడ్డి రంగు, చూడ్డానికి అందం. తాగితే సప్పగా, నోట్లో ఏదీ నిలవలేదు. క్యాను రెండు పాళ్లు, కుళాయి ఒక పాలు కలిపాను. లెక్కకు 129 వస్తుంది, మీటరు 131 చూపించింది. ఆ నీళ్లతో చేసిన గ్లాసే నాకు మొదటిసారి ఇది టీ అనిపించింది.

150 మిల్లీలీటర్ల పింగాణీ కప్పు, రెండు గ్రాములు, 83 డిగ్రీలు, పైన స్టీలు మూత, ఐదు నిమిషాలు. మొదట మొగ్గలన్నీ పైన తేలుతాయి. రెండో నిమిషం దాటాక ఒక్కొక్కటి నిట్టనిలువుగా దిగడం మొదలుపెడుతుంది, గాజు గ్లాసులో చేస్తే చూస్తూ కూర్చోవచ్చు. మూత తీయగానే వచ్చే వాసన నాకు చిన్నప్పుడు మా ఊర్లో కొత్తగా వేసిన శెనక్కట్టె వామి పక్కన నిలబడ్డట్టే ఉంది. ఎండిన పచ్చగడ్డి, దాని వెనక కొంచెం తేనె. మా ఆవిడ వామి కాదంటుంది, పుచ్చకాయ తొక్క దగ్గరి తెల్ల భాగమట. ఆమె మాట కూడా కొట్టిపారేయలేను. మింగిన తర్వాత ఒక అర నిమిషానికి గొంతులో తీపి తగులుతుంది. చక్కెర మానినవాడికి అది చిన్న విషయం కాదు.

ఆకు పారేయొద్దు. మళ్లీ అంతే వేడి నీళ్లు, ఐదు నిమిషాలు. మూడోసారి ఎనిమిది. రెండోదే అన్నింట్లోకి బాగుంటుంది. డబ్బుల లెక్క చూస్తే ప్యాకెట్‌కు 12 సార్లు, అంటే ఒకసారికి 53 రూపాయలు, మూడు కప్పులుగా చూస్తే కప్పు 18. బంకు టీ కన్నా ఎక్కువే, ఆరు తాగేవాణ్ణి మూడుకు దిగాను కాబట్టి సరిపోతోంది.

ఇప్పుడు కంపెనీని తిట్టే భాగం. ప్యాకెట్ ముందువైపు కిటికీలాంటి ప్లాస్టిక్, వెలుతురంతా లోపలికే. జిప్ రెండోరోజుకే ఊడింది. ఆ ఊడిన కవరును నేను షాపులో తలనొప్పి బాముల అరలో పెట్టడం నా తెలివి. రెండు రోజులకు టీలో మెంథాల్ వాసన. టీ ఆకు ఏ వాసనైనా పీల్చేస్తుంది. మిగిలింది కొత్త అంబర్ (గోధుమరంగు) గాజు సీసాలో పోసి బిగించాను, మందుల వాళ్లం కదా, వెలుతురు పడకూడనివి ఎలా దాచాలో తెలుసు, బుద్ధే ఆలస్యంగా వచ్చింది.

అన్నింటికన్నా కోపం తెప్పించింది వెనక రాసిన "కెఫీన్ లేదు" అన్న మాట. అది నమ్మి ఒకరోజు షాపు మూసి ఇంటికొచ్చి రాత్రి పదికి రెండు కప్పులు తాగాను. రెండింటి దాకా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. కెఫీన్ ఉంటుంది. టీ మొక్క దాన్ని లేత మొగ్గల్లోనే ఎక్కువ దాచుకుంటుంది కూడా. బరువు తగ్గిస్తుందనీ రాశారు. కస్టమర్లు కొందరు షుగరు తగ్గుతుందా అని నన్ను అడుగుతున్నారు. మందులమ్మేవాడిగా చెప్తున్నా, ఇది టీ, మందు కాదు. నాకు తగ్గింది పన్నెండు చెంచాల చక్కెర మానడం వల్ల.

ఆకుకు నాలుగు స్టార్లు, ప్యాకింగుకు ఒకటి, వెనక రాతలకు సున్నా.

ఈ ఊరి ఎండలకు ఇంకో పద్ధతి పట్టింది, అది వేడి టీ కన్నా సులువు. మూడు గ్రాములు, క్యానూ కుళాయీ కలిపిన నీళ్లు అర లీటరులో వేసి, మూత బిగించి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున వడకట్టడమే. వేడి తగలదు కాబట్టి వగరు దాదాపు రాదు, టైము అటూ ఇటూ అయినా చెడదు. ఇంటి ఫ్రిజ్‌లోనే. షాపు ఫ్రిజ్ ఇన్సులిన్‌కు, వ్యాక్సిన్లకు తప్ప దేనికీ కాదు, మా కుర్రాడు బాటిల్ పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

మొన్న ఆ సీసాలోది ఒక గ్లాసు బంకాయనకు ఇచ్చాను. ముప్పై ఏళ్లుగా రోజుకు ఇన్నూరు టీలు కాచే మనిషి. వెలుతురుకు ఎత్తి చూశాడు, తాగాడు, గ్లాసు తిరిగి నా చేతికిచ్చాడు. "నీళ్లు బాగున్నాయి సామీ. టీ ఎప్పుడిస్తావు?"